నార్వేలో పిల్లల హోంవర్క్ గురించి నార్వేజియన్‌లో ఎలా మాట్లాడాలి?

కొవ్వూరు గట్టు (త్రోన్‌హైమ్) · సోమవారం, రాత్రి 9:40

నమస్కారమండి. మేము త్రోన్‌హైమ్ వచ్చి 9 నెలలయింది. మా అబ్బాయి ఇక్కడి బడిలో 3వ తరగతి. వాడికి భాష పట్టుబడింది, నాకే ఇంకా నోరు తిరగడం లేదు. వారానికి 2 సాయంత్రాలు క్లాసుకు వెళ్తున్నాను. కొట్లో, బస్సులో ఎలాగో నెట్టుకొస్తున్నాను. చిక్కంతా ఇంట్లోనే.

ప్రతి సోమవారం వాడి సంచిలో ఒక కాగితం వస్తుంది. ఊకెప్లాన్ అంటారు, అంటే వారం ప్రణాళిక. దాన్ని ఫ్రిజ్ తలుపుకు అయస్కాంతంతో అంటిస్తాను. పైన 5 రోజుల పాఠాలు, కింద హోంవర్క్‌కు 4 గడులు. రేపటి గడిలో ఇలా ఉంది: "లేస్ సీదె 24 హోయ్త్ ఫొర్ ఎన్ వొక్సెన్." 24వ పేజీ ఎవరైనా పెద్దవాళ్లకు బిగ్గరగా చదివి వినిపించమని. ఆ పెద్దవాళ్లు మా ఇంట్లో నేనే. వాడు చదువుతాడు, నేను వింటాను. ఆ తర్వాత ఏమడగాలో నాకు మాట రాదు.

పోయిన వారం లెక్కలు మిగిలిపోయాయి. మర్నాడు బడి గేటు దగ్గర టీచరుకు చెబుదామని నిఘంటువు చూసి "యెమ్మెఆర్బైద్" అనే మాటతో ఒక వాక్యం బట్టీపట్టి వెళ్లాను. ఆవిడకు అర్థమైంది. కానీ ఆవిడ చెప్పిన జవాబు నాకు అందలేదు. పక్కనే ఉన్న మా వాణ్ణి అడిగితే "పర్వాలేదంట అమ్మా" అన్నాడు. సాయంత్రం బడి యాప్‌లో టీచరు రాసింది చూస్తే, రోజూ 10 నిమిషాలు వాడి పక్కన కూర్చుని ఎక్కాలు చెప్పించమని ఉంది. వాడు అబద్ధం ఆడలేదు, సగం చెప్పాడు. మిగతా సగం నాకు నేరుగా తెలియాలి.

హోంవర్క్ గురించి ఇక్కడి ఇళ్లలో నిజంగా ఏ మాటలు వాడతారో, ఎలా పలుకుతారో చెప్పగలరా? తెలుగు అక్షరాల్లోనే రాయండి, పలకడానికి వీలుగా ఉంటుంది.

---

పాలపిట్ట (ఓస్లో) · సోమవారం, రాత్రి 10:25

కొవ్వూరు గట్టు గారూ, నేను 11 ఏళ్లుగా ఓస్లోలో ఉంటున్నాను. ఒక ప్రాథమిక బడిలో సహాయకురాలిని. మీరు అడిగినది రోజూ నా చెవిన పడే భాషే.

ముందు ఆ యెమ్మెఆర్బైద్ సంగతి. తప్పు మాట కాదు, కాగితాల మీద కనిపిస్తుంది. పిల్లలు, తల్లిదండ్రులు, టీచర్లు నోటితో అనేది మాత్రం లెక్సె. లాటిన్‌లో "చదవడం" అనే అర్థమున్న లెక్తియో నుంచి వచ్చింది. ఒకటైతే లెక్సె, ఎక్కువైతే లెక్సెర్, "ఆ హోంవర్కులు" అని ప్రత్యేకించి చెబితే లెక్సెనె. మీరు ఈ మూడో రూపాన్ని గట్టిగా పట్టుకోండి, ఎందుకంటే అమ్మలు ఎక్కువగా అడిగేది దానితోనే:

"హార్ దూ యుట్ లెక్సెనె దీనె?" నీ హోంవర్క్ చేశావా?

మనవాళ్లు ఇంగ్లిషు అలవాటుతో "నీ" అనే మాటను ముందు పెట్టి "దీనె లెక్సెర్" అంటారు. ఇక్కడివాళ్లు మామూలుగా వస్తువును ముందు చెప్పి, అది ఎవరిదో తర్వాత చెబుతారు. లెక్సెనె దీనె, బూకా మీ (నా పుస్తకం), అలా.

ఇక మీకు అందరికంటే ఎక్కువ పనికొచ్చే పలుకుబడి: ఈ లెక్సె. ఈ అంటే "లో". "హోంవర్క్‌గా" అనే అర్థంలో వాడతారు.

"వా హార్ దూ ఈ లెక్సె తిల్ ఇమోణ్?" రేపటికి హోంవర్క్ ఏమిచ్చారు?

తిల్ అంటే మన "కి/కు". తిల్ ఇమోణ్ రేపటికి, తిల్ ఫ్రేదాగ్ శుక్రవారానికి. పొ ఫ్రేదాగ్ అంటే శుక్రవారం నాడు. ఈ రెండింటికీ తేడా తెలియకపోతే చిక్కే. తిల్ అన్నప్పుడు ఆ రోజుకు పని చేసి ఉంచాలి. పొ అన్నప్పుడు ఆ రోజున జరుగుతుంది. "ప్రోవె పొ ఫ్రేదాగ్" అంటే శుక్రవారం పరీక్ష ఉంది.

ఇంకొక్క మాట. పిల్లవాణ్ణి దుబాసీగా పెట్టుకోవద్దండి. మీరు కావాలని చేయలేదు, తెలుసు. 2022 నుంచి ఇక్కడ దుబాసీల చట్టం అమల్లో ఉంది. ప్రభుత్వ సంస్థలు పిల్లల్ని దుబాసీలుగా వాడటాన్ని ఆ చట్టం సూటిగా నిషేధిస్తుంది, విడిచిపెట్టిన సందర్భాలు చాలా తక్కువ. టీచరుతో సమావేశానికి పిలుపు వచ్చినప్పుడు "తొల్క్ (దుబాసీ) కావాలి" అని ముందే రాయండి. దుబాసీని బడే ఏర్పాటు చేస్తుంది, మీరు డబ్బు కట్టక్కర్లేదు.

---

మూసీ తీరం (హైదరాబాద్) · సోమవారం, రాత్రి 11:10

పాలపిట్ట గారూ, మధ్యలో అడుగుతున్నందుకు మన్నించండి. నేను వచ్చే ఏడాది ఓస్లో వెళ్లాలి, ఇక్కడే ఆన్‌లైన్‌లో నేర్చుకుంటున్నాను. మీరు "యుట్" అని రాసిన మాట మా పుస్తకంలో జి, జె, ఓ, ఆర్, టి అక్షరాలతో ఉంది. అది యుట్ ఎలా అయింది? "ఇమోణ్"లో ణ ఎక్కడిది?

---

పాలపిట్ట (ఓస్లో) · మంగళవారం, ఉదయం 7:05

మంచి ప్రశ్న. దీని జవాబు తెలుగువాళ్లకు కానుక లాంటిది.

ఓస్లో వైపు మాటలో ఆర్ తర్వాత టి వస్తే రెండూ కలిసి మన ట అవుతాయి. ఆర్ తర్వాత డి వస్తే డ, ఎన్ వస్తే ణ, ఎల్ వస్తే ళ, ఎస్ వస్తే ష. నాలుక మడిచి అంగిలికి తాకించే మన మూర్ధన్యాలే ఇవి. మామూలు టి, డి మాత్రం త, ద. మనకు త వేరు, ట వేరు అని పుట్టుకతోనే తెలుసు. నా నార్వేజియన్ తరగతిలో మిగతా దేశాలవాళ్లు నెలల తరబడి కుస్తీ పడ్డ చోట నాకు ఒక్క పూట కూడా పట్టలేదు.

బిడ్డను రాసేటప్పుడు "బార్న్" అని రాసి బాణ్ అంటారు. నార్వేజియన్ భాష పేరు "నొర్స్క్" అని రాసి నొష్క్ అంటారు. "ఎందుకంటే" అనే మాట ఫొడీ. మొదటి అక్షరాలు జి, జె కలిస్తే ఒట్టి య. అందుకే యుట్. "చేయడం" కూడా యోరె.

ఆ యోరెలో ఉన్న ఓ మాత్రం మన ఓ కాదు. "ఏ" అంటూ పెదవులు సున్నాలా చుట్టండి, అదీ ఆ అచ్చు. హోరె, ప్రోవె, ఓవె అన్నింటిలోనూ అదే. తెలుగులో రాయడానికి వేరే దారి లేక ఓ అని రాస్తున్నాను. బడికి వేళయింది, మిగతాది సాయంత్రం.

---

వానల ఊరు (బర్గెన్) · మంగళవారం, మధ్యాహ్నం 12:30

ఆ ట, డ, ణ సూత్రం బర్గెన్‌లో చెల్లదని కూడా రాయాలండి. ఇక్కడ ఆర్‌ను గొంతు వెనక నుంచి పలుకుతారు, మూర్ధన్యాలు లేవు. స్తవాంగెర్‌లోనూ అంతే. మా పాప ఇక్కడే పెరిగింది. నేను ఓస్లో వీడియోలు చూసి నేర్చుకున్న "బాణ్" విని "అది తూర్పు వాళ్ల మాట నాన్నా" అంది.

"ఏమిటి" అనే మాట ఓస్లోలో వా, మా ఊళ్లో కా. "నేను" ఓస్లోలో యై, ఇక్కడ ఎగ్. ఇవి తప్పులు కావు, మాండలికాలు. టీవీలో మాట్లాడేవాళ్ల నోట, పార్లమెంటులో మాట్లాడేవాళ్ల నోట కూడా సొంత ఊరి యాస వినిపిస్తుంది. టీచరు కూడా ఆ యాసలోనే పాఠం చెబుతుంది. త్రోన్‌హైమ్ సంగతి వేరే ఉంటుంది, అక్కడివాళ్లు చెప్పాలి.

---

ఉత్తరకాంతి (త్రోన్‌హైమ్) · మంగళవారం, సాయంత్రం 4:15

కొవ్వూరు గట్టు ఆంటీ, నేను మీ ఊళ్లోనే ఉంటాను. ఇక్కడే పుట్టాను, ఇప్పుడు విదెరెగోఎందె (ఇంటర్ లాంటిది) 2వ సంవత్సరం. తెలుగు రాయడం అమ్మమ్మ నేర్పింది, తప్పులుంటే దిద్దండి.

బడిలో మీ అబ్బాయి వినేది "వా హార్ దూ ఈ లెక్సె" కాకపోవచ్చు. మా ఊళ్లో "కా దూ హార్ ఈ లెక్సె?" అంటాం. క్రియ కర్త తర్వాతికి వెళ్లిపోయింది చూడండి. పుస్తకం ప్రకారం తప్పు, త్రోన్‌హైమ్‌లో మామూలు మాట. "కాదు" అనడానికి ఇక్కె బదులు ఇక్కడ ఇచ్ లాంటి ధ్వని వినిపిస్తుంది. "నేను" అనడానికి మన "బ్యాంకు" మాటలో బ్యాలో ఉన్న అచ్చు ఒక్కటే అంటాం. మీరు ఇలా మాట్లాడక్కర్లేదు. విన్నప్పుడు గుర్తుపడితే చాలు. మీరు వా అన్నా మీ అబ్బాయికి అర్థమవుతుంది.

పిల్లల మాటలు 3 చెబుతాను, ఇవి క్లాసులో ఆలస్యంగా నేర్పుతారు.

ఒర్కె. "యై ఒర్కెర్ ఇక్కె" అంటే అచ్చంగా "నాకు ఓపిక లేదు". మా అమ్మ మొదట్లో దీన్ని "చెయ్యను పో" అనుకుని కోప్పడేది. నిజానికి అలసిపోయినవాడు చెప్పే మాట. మీవాడు లెక్సెర్ దగ్గర ఇలా అంటే తిట్టకండి, కాసేపు ఆగి మళ్లీ అడగండి.

రెక్కె. అందుకోవడం. తెలుగులో "బస్సు అందలేదు" అంటాం కదా, నార్వేజియన్‌లోనూ "యై రాక్ ఇక్కె బుస్సెన్". హోంవర్క్‌కు కూడా ఇదే క్రియ. "యై రాక్ ఇక్కె లెక్సెనె" అంటే చేయడానికి సమయం చాలలేదు. మరిచిపోయాను (యై గ్లెమ్తె) అనడానికీ దీనికీ టీచర్ల దగ్గర చాలా తేడా ఉంది.

స్లిప్పె. తప్పడం. "వీ స్లిప్పెర్ లెక్సెర్ ఇ దాగ్!" అని అరుస్తూ ఇంటికొస్తే ఈ రోజు హోంవర్క్ తప్పిందని సంబరం.

---

కొవ్వూరు గట్టు (త్రోన్‌హైమ్) · మంగళవారం, సాయంత్రం 6:50

అమ్మా ఉత్తరకాంతీ, నీ తెలుగులో దిద్దడానికి ఏమీ లేదు. మీ అమ్మమ్మ గారికి నా నమస్కారాలు చెప్పు.

ఇచ్! 9 నెలలుగా బస్టాపులో వింటున్నాను, అదేమిటో ఈ రోజు తెలిసింది.

ఇంకొక అనుమానం. పోయిన నెల పక్కింటి పాప మా ఇంటికి వచ్చినప్పుడు నీకు హోంవర్క్ ఉందా అని అడిగాను. "హార్ దూ లేకెర్?" అన్నాననుకుంటాను. ఆ పిల్ల సంతోషంగా తలూపి, ఇంటికి పరుగెత్తి, బొమ్మల పెట్టె మోసుకొచ్చి మా హాల్లో దింపింది. సాయంత్రమంతా ఇద్దరూ ఆడుకున్నారు. నేనేమి అడిగినట్టు?

---

పాలపిట్ట (ఓస్లో) · మంగళవారం, రాత్రి 8:30

బొమ్మలు ఉన్నాయా అని అడిగారు. లేకెర్ అంటే బొమ్మలు, "ఆడుకుంటాడు" అనడానికి కూడా అదే మాట. లెక్సెర్ అంటే హోంవర్క్. మధ్యలో సకారం ఒక్కటే కాదు, ముందున్న అచ్చు కూడా మారుతుంది. లేకెర్‌లో ఏ దీర్ఘం, లెక్సెర్‌లో ఎ హ్రస్వం. నార్వేజియన్‌లో ఒక హల్లు ముందు అచ్చు సాగుతుంది, రెండు హల్లుల ముందు సాధారణంగా కురుచ అవుతుంది. "పలక, పాలక" అనే తేడా మన చెవికి ఎంత సహజమో వాళ్లకు ఇది అంత సహజం. సకారం మింగేసినా అచ్చు పొడవు సరిగా ఉంటే చాలాసార్లు అర్థం చేసుకుంటారు. మీరు రెండూ మార్చారు కాబట్టి ఆ పాప బొమ్మలే తెచ్చింది, పాపం తన తప్పేమీ లేదు.

నిన్న మీరడిగిన అసలు ప్రశ్న మిగిలిపోయింది: వాడు చదివి వినిపించాక ఏమనాలి?

బడిలో మేము అనేది "వా లూరెర్ దూ పొ?" నీకేమిటి సందేహం, ఏమి తెలుసుకోవాలనుంది అని. లూరె పొ అంటే మనసులో తొలుస్తున్న ప్రశ్న ఉండటం. "అర్థమైందా?" అని అడిగితే పిల్లలు అవునని తలూపేస్తారు. ఇలా అడిగితే ఆలోచిస్తారు. జవాబు మీకు తెలియకపోయినా ఫరవాలేదు, పేజీ మార్జిన్‌లో ఆ ప్రశ్న రాసి బడికి పంపండి. మెచ్చుకోవడానికి "బ్రా యొబ్బెత్!" అనండి, బాగా చేశావు అని.

అయిపోయిందా అని అడగడానికి: "ఎర్ దూ ఫ్యాడి మె లెక్సెనె?" ఇక్కడ మె అంటే "తో". హోంవర్క్‌తో అయిపోయిందా అన్నట్టు ఉంటుంది, తెలుగులో అలా అనం, కానీ ఆ మె పోతే వాక్యం కుంటుతుంది.

వాక్యంలో వరుస కూడా చెబుతాను, ఒక్కటే. ఎప్పుడన్నది తెలిపే మాటతో మొదలుపెడితే క్రియ వెంటనే రావాలి, కర్త దాని వెనక. "ఎత్తెర్ మిద్దాగ్ యోర్ వీ లెక్సెర్." భోజనం తర్వాత హోంవర్క్ చేస్తాం. ఎత్తెర్ మిద్దాగ్ వీ యోర్ అంటే వెంటనే విదేశీ వాసన కొడుతుంది. అన్నట్టు మిద్దాగ్ అంటే ఇక్కడ సాయంత్రం 4, 5 గంటల వేడి భోజనం, మధ్యాహ్న భోజనం కాదు.

---

తాటిబెల్లం (స్తవాంగెర్) · మంగళవారం, రాత్రి 10:00

అందరూ బాగా చెబుతున్నారు. నాదొక వేరే మాట, నొచ్చుకోవద్దు.

అసలు ఇంట్లో హోంవర్క్ గురించి నార్వేజియన్‌లో ఎందుకు మాట్లాడాలి? నాకు ఇద్దరు పిల్లలు, 17 ఏళ్లు, 14 ఏళ్లు. మొదటివాడి విషయంలో నేనూ ఈ పొరపాటే చేశాను. నా వచ్చీరాని భాషతో వాడికి లెక్కలు చెప్పబోయాను. వాడికి నా దగ్గర భిన్నాలు అర్థం కాలేదు, వాడి తెలుగూ పోయింది. ఈ రోజు వాడు వాళ్ల నానమ్మతో ఫోనులో "బాగున్నాను, తిన్నాను" దాటి మాట్లాడలేడు. ఆ బాధ నాకు రోజూ ఉంటుంది.

రెండో బిడ్డ విషయంలో బడి టీచరే కూర్చోబెట్టి చెప్పింది: మీకు బాగా వచ్చిన భాషలో వివరించండి, అర్థం ముఖ్యం, నార్వేజియన్ మాట మేము నేర్పుతాం అని. అప్పటి నుంచి భిన్నాలు, గుండె గదులు, పారిశ్రామిక విప్లవం అన్నీ తెలుగులోనే చెబుతున్నాను. లవం, హారం అన్నాను. బడికి వెళ్లి తెల్లెర్, నెవ్నెర్ అని వాటికి పేర్లు తగిలించుకుంది. ఒకసారి అర్థమైన విషయానికి రెండో పేరు అంటించడం పిల్లలకు కష్టం కాదు.

కొవ్వూరు గట్టు గారూ, మీ అబ్బాయి నార్వేజియన్‌లో జవాబిస్తే మీరు తెలుగులోనే మళ్లీ అడగండి. నాలా చేయకండి.

---

వానల ఊరు (బర్గెన్) · బుధవారం, ఉదయం 8:20

తాటిబెల్లం గారూ, మీ బాధ అర్థమైంది. ఇంట్లో తెలుగే ఉండాలన్న మాట ఒప్పుకుంటాను. కానీ ఆవిడ అడిగింది పాఠం చెప్పడం గురించి కాదు, పాఠం గురించి మాట్లాడటం గురించి. రెండూ వేరు. పిల్లవాడి చేతిలో కాగితం నార్వేజియన్, టీచరు నార్వేజియన్, యాప్‌లో వచ్చే కబురు నార్వేజియన్. తల్లికి ఆ భాష తెలియకపోతే ఇంట్లో పెద్దరికం 8 ఏళ్ల పిల్లవాడి చేతికి పోతుంది. ఏది చెప్పాలో ఏది దాచాలో వాడే నిర్ణయిస్తాడు. ఆవిడ మొదటి పోస్టులో ఉన్న నొప్పి అదే.

---

తాటిబెల్లం (స్తవాంగెర్) · బుధవారం, ఉదయం 9:05

ఆ కోణం నేను చూడలేదు. నిజమే, టీచరుతో మాట్లాడే భాష తల్లికి రావాలి. పాఠం అర్థం చెప్పేటప్పుడు మాత్రం తెలుగు వదలొద్దని నా మనవి.

---

పాలపిట్ట (ఓస్లో) · బుధవారం, సాయంత్రం 5:40

టీచరుకు రాసే కబురు సంగతి చూద్దాం. మనవాళ్లు రాసేవి చాలా పొడవుగా ఉంటాయి. గౌరవనీయులైన మేడమ్ గారికి అని మొదలుపెట్టి, క్షమాపణలు చెప్పి, ఇంట్లో చుట్టాలు వచ్చిన కథంతా రాస్తారు. ఇక్కడ టీచరును పేరు పెట్టి పిలుస్తారు, అందరికీ "దూ" ఒక్కటే. మీరు అని మన్నించే రూపం ఒకప్పుడు ఉండేది, రోజువారీ వాడుకలోంచి పోయింది. నాకు తొలి ఏడాది టీచరును పేరుతో పిలవడానికి నాలుక ఆడేది కాదు. మనలో గురువు మీద ఉన్న మన్ననను ఇక్కడ వేళకు రావడంలో, ఉన్నది ఉన్నట్టు రాయడంలో చూపించాలి.

కొవ్వూరు గట్టు గారూ, పోయిన వారం మీరు రాయాల్సిన కబురు ఇంత చాలు:

"హై! హాన్ రాక్ ఇక్కె ఒ బ్లీ ఫ్యాడి మె మాత్తెలెక్సా ఇ గోర్. హాన్ తార్ రెస్తెన్ ఇ దాగ్."

నమస్తే, నిన్న లెక్కల హోంవర్క్ పూర్తి చేయడానికి సమయం అందలేదు, మిగతాది ఈ రోజు చేస్తాడు. హాన్ ఉన్న చోట అబ్బాయి పేరు రాయండి. మాత్తె అంటే లెక్కలు. లెక్సా అన్నా లెక్సెన్ అన్నా ఒక్కటే, రెండూ చెల్లుతాయి. కారణం చెప్పాలంటే ఫొడీ తర్వాత "కాదు" అనే మాట క్రియ ముందుకు వస్తుంది: "ఫొడీ హాన్ ఇక్కె రాక్ దే". మామూలు వాక్యంలో రాక్ ఇక్కె, ఫొడీ తర్వాత ఇక్కె రాక్. నార్వేజియన్ పరీక్షలో మనవాళ్లు మార్కులు పోగొట్టుకునే చోటు ఇదే.

మాట రాక బడికి దూరంగా ఉండకండి. లెక్సెయెల్ప్ అని, హోంవర్క్‌కు సాయం, బడుల్లో ఉచితంగా ఉంటుంది. చేరడం మీ ఇష్టం. ఏ తరగతులకు ఎన్ని గంటలన్నది మున్సిపాలిటీని బట్టి మారుతుంది, అడిగి తెలుసుకోండి. చాలా ఊళ్లలో రెడ్ క్రాస్ కూడా నడుపుతుంది. ఓస్లోలో దైక్‌మాన్ గ్రంథాలయాల్లో ఉంది. మీవాడికి పాఠం అందుకునేంత నార్వేజియన్ ఇంకా రాలేదని బడికి అనిపిస్తే ప్రత్యేక భాషా బోధన పొందే హక్కు చట్టంలోనే ఉంది.

---

మూసీ తీరం (హైదరాబాద్) · బుధవారం, రాత్రి 9:15

మా అమ్మాయిని ఇక్కడ 6వ తరగతి నుంచి తీసుకెళ్తాను. రోజుకు 2, 3 గంటల హోంవర్క్ అలవాటు. అక్కడ అంత తక్కువైతే చదువులో వెనకబడదా? మార్కులు ఎలా తెలుస్తాయి?

---

ఉత్తరకాంతి (త్రోన్‌హైమ్) · బుధవారం, రాత్రి 9:50

అంకుల్, 7వ తరగతి దాకా మార్కులు ఉండవు. 8వ తరగతి నుంచి 1 మొదలు 6 వరకు అంకెలు ఇస్తారు, 6 అన్నిటికంటే ఎక్కువ. నాకు 8వ తరగతిలో మొదటిసారి 4 వచ్చినప్పుడు హైదరాబాద్‌లో మామయ్య 100కి 4 అనుకుని కంగారుపడ్డారు.

తక్కువ హోంవర్క్ అంటే తక్కువ చదువు అని కాదు. పై తరగతుల్లో ఇన్‌లెవేరింగ్ ఉంటుంది, గడువులోగా రాసి సమర్పించే పెద్ద పని. గడువును ఫ్రిస్త్ అంటారు. వాటికి వారాలు పడతాయి, ఎవరూ రోజూ గుర్తుచేయరు. మా స్నేహితురాలు ఇండియా నుంచి 9వ తరగతిలో వచ్చింది. రోజూ ఎవరైనా అడుగుతారని ఎదురుచూసి మొదటి 2 ఫ్రిస్తులు పోగొట్టుకుంది. మీ అమ్మాయికి ఆ మాట ముందే నేర్పండి.

---

కొవ్వూరు గట్టు (త్రోన్‌హైమ్) · గురువారం, మధ్యాహ్నం 3:40

బయట అప్పుడే చీకటి పడింది. వాడు బడి నుంచి వచ్చి తింటున్నాడు.

నిన్న కొవ్వూరు నుంచి మా అత్తగారు వీడియో కాల్ చేశారు. "లెక్కలు చేశావా నాన్నా?" అన్నారు. వాడు "ఆ, లెక్సెర్ అయిపోయాయి నాయనమ్మా" అన్నాడు. ఆవిడ లెక్కలనే అనుకున్నారు, వాడు అన్ని సబ్జెక్టులనీ కలిపి చెప్పాడు. ఇద్దరూ సంతోషించారు. ఆ రెండు మాటలు ఇంత దగ్గరగా ఉండటం వల్లే నాకు లెక్సె ఇక మరుపు రాదు. తర్వాత ఆవిడ 7వ ఎక్కం చెప్పించారు. ఇక్కడ దాన్ని షూగాంగెన్ అంటారట. ఏడేళ్లు నలభైతొమ్మిది దాకా వచ్చి ఏడెనిమిదుల దగ్గర ఆగాడు. ఆవిడ ఫోను పెట్టనివ్వలేదు. టీచరు అడిగిన 10 నిమిషాలు అలా అయ్యాయి, తెలుగులోనే. తాటిబెల్లం గారూ, మీరు గుర్తొచ్చారు.

ఒకటి అడగాలి. ఈ వారం కాగితంలో రేపటికి "ఓవ్ పొ గ్లూసెనె" అని ఉంది. వాడు ఇందాక "హోరె మై" అంటూ పుస్తకం నా ఒళ్లో పెట్టాడు. హోరె అంటే వినడం కదా, నేను ఏమి వినాలి?

---

పాలపిట్ట (ఓస్లో) · గురువారం, సాయంత్రం 4:05

అది హోంవర్క్ మాటలన్నిటిలోనూ నాకు ఇష్టమైనది. ఓవ్ పొ అంటే సాధన చేయమని. గ్లూసెర్ అంటే పరాయి భాష పదాలు, అర్థాలతో నేర్చుకునే పట్టిక. "కాన్ దూ హోరె మై ఈ గ్లూసెనె?" అంటే "నాచేత పదాలు అప్పజెప్పించుకుంటావా?" మన అప్పజెప్పడమే! పిల్లవాడు అప్పజెబుతాడు, పెద్దవాళ్లు పుస్తకం పట్టుకుని వింటారు. ఆ వినడాన్నే హోరె అంటారు. 3వ తరగతి కాబట్టి ఇంగ్లిషు పదాలై ఉంటాయి. మీరు నార్వేజియన్ మాట పైకి చదవండి, వాడు ఇంగ్లిషు చెబుతాడు.

---

కొవ్వూరు గట్టు (త్రోన్‌హైమ్) · గురువారం, రాత్రి 8:55

అయింది.

అడవి జంతువుల పట్టిక, 10 పదాలు. వాడు సోఫా మీద బోర్లా పడుకుని కళ్లు మూసుకున్నాడు. నేను నార్వేజియన్ మాట చదవాలి. నేను పైకి నార్వేజియన్ చదువుతుంటే వాడు వినడం ఇదే మొదటిసారి. రేవ్, నక్క, సులువే. ఎల్గ్ (దుప్పి లాంటి పెద్ద జంతువు) సరిగానే అన్నాను. ఉల్వ్ (తోడేలు) అన్నప్పుడు వాడు కళ్లు తెరిచి "ఉ కాదమ్మా" అని పెదవులు ముందుకు సాచి చూపించాడు. 3 సార్లు అనిపించాడు. తర్వాతి మాట "హెచ్, జె, ఓ, ఆర్, టి". పాలపిట్ట గారి పాఠం గుర్తొచ్చి, హెచ్ వదిలేసి, నాలుక మడిచి "యుట్" అన్నాను. వాడు వెంటనే "డీర్!" అన్నాడు. చేశావా అనడానికీ జింకకూ ఒకే ధ్వని అని అప్పుడు తెలిసింది.

తర్వాత ఉడుత. ఆర్, ఎన్‌లతో ముగుస్తుంది. "ఎకూణ్" అన్నాను. దాని తర్వాత ఎలుగుబంటి, "బ్యోణ్". వాడు లేచి కూర్చున్నాడు. "అమ్మా, మళ్లీ అను" అన్నాడు. మళ్లీ అన్నాను. దిద్దడానికి వాడికి ఏమీ దొరకలేదు. పడుకునే ముందు కాగితంలో గురువారం గడి పక్కన నేను సంతకం పెడుతుంటే "రేపు కూడా హోరె మై" అన్నాడు. రేపు శుక్రవారం, హోంవర్క్ లేదు కదరా అన్నాను. "ఊరికే" అన్నాడు.

---

ఉత్తరకాంతి (త్రోన్‌హైమ్) · గురువారం, రాత్రి 9:20

ఆంటీ, రేపటికి పక్షుల పేర్లు నేను పంపిస్తాను. అన్నీ ణ తో అయ్యేవి కాకుండా చూస్తాను. మొదటిది ఓణ్, గద్ద. అందులో ఉన్నది పెదవులు చుట్టే ఓ.